మడతబల్లకు మెఱుగు – పేటెంటు హక్కు

మామిడికోతకును, ఇంటి మరమ్మతునకును, వడ్రంగమునకును మడిచి మోసికొనిపోదగిన పనిబల్లలు మిగుల నుపయోగకరములు. పనిముట్టులోని లోపమును మొదట కనిపెట్టువాడు దానితో పనిచేయువాడే. కాళ్లు జాఱకుండ క్రొత్తరీతి గొళ్లెమును, మిట్టపల్లములందు బల్ల సమముగా నిలుచు నుపాయమును ఎవరైన కల్పించినచో, ఆ మెఱుగునకు చట్టమొసగు రక్షణ యెట్టిదో సభ్యులు తెలిసికొనవలయును.

ఇంగ్లండులో రాన్ హిక్‌మన్ అను నతడు 1961లో బీరువా చేయుచు, పనిబల్లకు మాఱుగా నుంచిన కుర్చీని ఱంపముతో కోసివైచెను. ఆ నష్టమునుండియే మడత పనిబల్ల యూహ పుట్టినది. పలువురు తయారీదారులు దానిని నిరాకరించిరి. అయినను అతడు పేటెంటు సంపాదించి, తానే బల్లలు చేయించి యమ్మెను. తుదకు బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1973లో ‘వర్క్‌మేట్’ అను పేర దానిని విరివిగా తయారుచేయ మొదలుపెట్టెను. అమ్మకముపై హిక్‌మన్‌కు రాయల్టీ ముట్టెను. పేటెంటు లేకున్నచో అంత పెద్ద కంపెనీతో బేరమాడు బలము అతనికి చాలియుండదు.

మనదేశమున 1970 నాటి పేటెంటుల చట్టము ప్రకారము కల్పన క్రొత్తదై యుండవలెను, ఆ పని నెఱిగినవానికి సులభముగా తోచునది కాకుండవలెను, పరిశ్రమలో ఉపయోగపడవలెను. తెలిసిన పరికరములను, దేని పని అది చేయునట్లు, ఊరక జతపఱచిన చాలదు. సేద్యపద్ధతికి పేటెంటు లేదు. సేద్యపు పనిముట్టునకు కలదు.

మూలమైన బల్లపై ఇతరునికి పేటెంటు అమలులో నున్నచో, మెఱుగు మనదైనను, అతని యనుమతి లేక ఆ బల్లను తయారుచేయరాదు. అతడును మన యనుమతి లేక ఆ మెఱుగును వాడరాదు. మూలబల్ల పేటెంటు మనదే యైనచో ‘అదనపు పేటెంటు’ కోరవచ్చును. దానికి వేఱుగా సాలుసరి రుసుము లేదు. అయితే మూలపేటెంటు గడువుతోనే అదియు ముగియును.

దరఖాస్తు క్రమమిది:

1. ముందుగా, మెఱుగును సంతలో అమ్మరాదు, పత్రికలో ప్రకటించరాదు, సభలో చూపరాదు. చట్టమున కొన్ని మినహాయింపులున్నను, వానిని నమ్ముకొని యుండుట క్షేమము కాదు.

2. బొమ్మలతో తాత్కాలిక వివరణపత్రమును దాఖలు చేయవలెను. తెలుగుదేశపు రెండు రాష్ట్రములవారికిని చెన్నై కార్యాలయమే.

3. పండ్రెండు నెలలలో పూర్తి వివరణపత్రము నీయవలెను. పొలమునకు హద్దులెట్లో, అందలి హక్కుల భాగ మట్టిది. హద్దు లిఱుకైన పొరుగువాడు చిన్న మార్పుతో తప్పించుకొనును. మితిమీఱిన పరీక్షలో నిలువదు.

4. పరీక్షకై ప్రత్యేకముగా కోరవలెను. కోరనిచో దరఖాస్తు వీగిపోవును.

పేటెంటు గడువు దరఖాస్తునాటినుండి ఇరువదియేండ్లు. అది భారతదేశమున మాత్రమే చెల్లును. దాని నిలుపుకొనుటకు సాలుసరి రుసుములు చెల్లింపవలెను. కావున మెఱుగు వలన రాదగిన లాభమును, వ్యయమును ముందు తూచి చూచుకొనుడు. వ్యయమునకు తగిన మెఱుగని తోచినచో, నలుగురికి చూపుటకు ముందే దరఖాస్తు వేయుడు.