స్పర్శ లేని చేతులతో తోటపని

కుష్ఠువ్యాధి నయమైనవారిని మట్టి పనికి పంపవచ్చా అని మా దగ్గరికి శిక్షణకు వచ్చే ఆరోగ్య కార్యకర్తలు తరచుగా అడుగుతుంటారు. ఒకప్పుడు మేమూ వద్దనే చెప్పేవాళ్లం. ఆ జవాబు ఎందుకు మార్చుకున్నామో ఈ పాఠంలో వివరిస్తున్నాము.

మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. కూలికి కలుపు తీసి, పాదులు చేసి బతికిన మనిషి. ఎం.డి.టి. మందులు 12 నెలలు వాడి వ్యాధి నయమైంది. కాని రెండు చేతుల్లో చిటికెన వేలు, ఉంగరపు వేలు వంకర తిరిగాయి. అరచేతుల్లో స్పర్శ లేదు. పొద్దున్నే పెరట్లోకి వెళ్లి కలుపు మీద చెయ్యి వేయబోతే, "తాతా, చేతులు పాడవుతాయి, వచ్చి కూర్చోండి" అని మేమే పిలుచుకొచ్చేవాళ్లం. నెల తిరిగేసరికి ఆయన సరిగా అన్నం తినడం మానేశారు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. కొన్ని వారాల తరువాత తిరిగొచ్చారు. ఎక్కడో గట్టు పనికి వెళ్లి పార పట్టారట. కర్ర ఒరిసి బొబ్బ లేచింది, అది చితికి పుండయింది, చీము ఎముక దాకా పోయింది. ఒక వేలు తీసివేయవలసి వచ్చింది. ఆయన చేత పని మాన్పించామని మేము అనుకున్నాము. మా కళ్ల ముందు చేసుకోవలసిన పనిని మాకు కనబడని చోట చేశారు, అంతే.

వేళ్లు ఎందుకు పోతాయి?

కుష్ఠు వస్తే వేళ్లు వాటంతటవే రాలిపోతాయని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు అది నిజం కాదని చూపించారు. నరాలు దెబ్బతిని నొప్పి తెలియదు. అందువల్ల తగిలిన దెబ్బలు, కాలిన గాయాలు పట్టించుకోరు. వేళ్లను తినేసేది ఆ గాయాలే. ఆయన ప్రతి పుండుకూ ఏ పనిముట్టు, ఏ వస్తువు కారణమో వెతికేవారు. మేమూ ఇప్పుడు డ్రెస్సింగుకు ముందు అదే అడుగుతున్నాము: "నిన్న ఏం పట్టుకున్నారు?"

మనం పార పట్టినప్పుడు చెయ్యి మండగానే తెలియకుండానే పట్టు మార్చుకుంటాము. స్పర్శ లేనివారు మార్చరు. పైగా ఎంత గట్టిగా పట్టుకున్నదీ తెలియక అవసరానికి మించి బిగిస్తారు. వంకర వేళ్లలో ఆ ఒత్తిడంతా వేళ్ల కొసల మీదే పడుతుంది. చెమట పట్టదు కనుక చర్మం ఎండి పగులుతుంది, పగుళ్లలోకి మట్టి చేరుతుంది.

పనిముట్టు మార్చండి, మనిషిని కాదు

సన్నని పిడి వద్దు. కొడవలి, బొరిగె, పార కర్రలకు గుడ్డ చుట్టి, పైన పాత సైకిలు ట్యూబు బిగించి లావు చేయండి. బకెట్టు తీగకు నీళ్ల పైపు ముక్క చీల్చి తొడగండి. గ్లౌజులు ఇచ్చాము కదా అని మా నర్సులు నిశ్చింతగా ఉండేవారు. ఒక చిన్న రాయి గ్లౌజులోనే ఉండి చేసిన పుండు చూశాక ఆ నిశ్చింత పోయింది. గ్లౌజులైనా, ఎం.సి.ఆర్. చెప్పులైనా తొడిగే ముందు దులపాలి. మేకులు కొట్టిన చెప్పులు అసలు వద్దు. మే నెలలో ఎండలో వదిలేసిన గునపం, బోరింగు హ్యాండిలు చేతుల్ని కాల్చేస్తాయి. వాటి మీద తడి గోనె కప్పండి.

గొంతుక్కూర్చుని కలుపు తీస్తే బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుంది, అక్కడే పుండ్లు పడతాయి. ఎత్తు పీట ఇవ్వండి. కాలికి పుండు ఉన్నవారిని నడిపించవద్దు. కూర్చున్నచోటే సంచుల్లో మట్టి నింపడం, విత్తనాలు ఏరడం వారికి సరిపోతాయి. రెప్ప పూర్తిగా మూయలేనివారికి దుమ్ము పడకుండా కళ్లద్దాలు తప్పనిసరి. మొదట తోటకూర, మెంతికూర వేయించండి. నెలలోపే కోతకొస్తాయి, చేసినవారికి ఉత్సాహం వస్తుంది. వంకాయ తొడిమె ముళ్లు చేతిలో విరిగినా వారికి తెలియదు కనుక దాన్ని తరువాత చూసుకోవచ్చు. ధనుర్వాతం టీకా వేయించడం మరువకండి.

పని మధ్యలో ఒకసారి, చివర ఒకసారి ఇద్దరిద్దరు ఒకరి చేతులు ఒకరు చూసుకోవాలి. ఎరుపు, వాపు, వేడి, బొబ్బ కనబడితే ఆ రోజుకు పని ఆపాలి. తరువాత చేతులు, కాళ్లు మామూలు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె రాయాలి. నీళ్లు వేడివైతే స్పర్శ ఉన్నవారు ముందుగా చూడాలి.

నడుము దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉన్నవారికీ ఇదే తోటలో చోటు ఉంది. కుర్చీ కిందికి దూరేలా బల్ల ఎత్తున మడి కట్టించండి. ఒకవైపు నుండే చెయ్యి చాపుతారు కనుక వెడల్పు రెండడుగులు దాటకూడదు. బాట కనీసం మూడడుగులు ఉండాలి. పావుగంటకొకసారి చేతుల మీద ఆని పిరుదులు పైకెత్తమని గుర్తు చేయండి. మొక్కల ధ్యాసలో మరచిపోతారు.

మా మొదటి కోత తోటకూరను మా సిబ్బందిలోనే కొందరు ముట్టుకోలేదు. కుష్ఠు కూరగాయల ద్వారా సోకదు. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే వారి నుండి సోకే ప్రమాదం పోతుంది. నర్సులకు ఇది పుస్తకంలో తెలుసు, పళ్లెంలోకి వచ్చేసరికి తెలియలేదు! మందలించి లాభం లేదని, ఆ కూరే మెస్సులో వండించి, పండించినవారితో కలిసి కూర్చుని తిన్నాము. మూడో కోతకు అడిగి తీసుకెళ్లారు.

మా పెద్దాయన మళ్లీ కలుపు తీస్తున్నారు. లావు పిడి బొరిగె మొదట నచ్చలేదు, "ఇదేం ఆటబొమ్మ తల్లీ" అన్నారు. ఇప్పుడు దాన్ని ఇంకెవరినీ ముట్టనివ్వరు. పని అయ్యాక రెండు చేతులూ తిప్పి మాకు చూపించి మరీ నీళ్ల దగ్గరికి వెళతారు. పోయిన వారం బొటనవేలి మొదట్లో ఎర్రగా కనబడింది, రెండు రోజులు విత్తనాల దగ్గర కూర్చోబెట్టాము.