నొప్పి లేనప్పుడే పరీక్ష

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ధర్మపురి జిల్లాలో ఒక పల్లె. నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఊరి నర్సమ్మ గర్భసంచి పరీక్షకు రమ్మని రెండుసార్లు చెప్పిపోయింది. నాకు నొప్పి లేదు, తెల్లబట్ట లేదు. ఏమీ లేని దానికి ఆ పరీక్షలెందుకని మా అత్తమ్మ అంటోంది. వెళ్లాలా?

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. ఏమీ లేనప్పుడు చేయించుకోవాల్సిన పరీక్షే ఇది. గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్ రాత్రికి రాత్రి పుట్టదు. హెచ్‌పీవీ వైరస్ అక్కడ తిష్ఠ వేసి, కణాలను మార్చి, క్యాన్సర్ దాకా తేవడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ నొప్పి తెలియదు. నొప్పి మొదలయ్యాక వచ్చే తల్లులను చూసినప్పుడల్లా, ముందే వచ్చి ఉంటే ఎంత తేలికగా పోయేదో కదా అని నా మనసు కలుక్కుమంటుంది.

పరీక్షకు భయపడకండి. పడుకోబెట్టి, చిన్న పరికరంతో లోపలికి చూసి, దూదితో పలచని ఎసిటిక్ ఆమ్లం అద్దుతారు. వంటింటి వెనిగర్‌లో ఉండేది అదే. ఒక నిమిషం ఆగుతారు. మారిన కణాలున్న చోట తెల్లమచ్చ తేలుతుంది. కాస్త చురుక్కుమంటుంది, అంతే, మత్తు అక్కర్లేదు. మచ్చ తేలినంత మాత్రాన క్యాన్సర్ అనుకోవద్దు. చాలామందికి ఆ పొరను చల్లదనంతోనో వేడితోనో మాడ్చేస్తే సరిపోతుంది.

మీ తమిళనాడులోనే, దిండిగల్ జిల్లా పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లకు నర్సులే ఈ పరీక్ష చేశారు. 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, పరీక్ష పెట్టిన ఊళ్లలో ఈ క్యాన్సర్ చావులు 35 శాతం తగ్గాయి.

అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. ఆకువక్కలో పొగాకు వేసుకునే అలవాటుంటే ఆవిడ నోరు చూపించడం మరీ ముఖ్యం. ముట్లుడిగాక మళ్లీ నెత్తురు కనబడితే మాత్రం నర్సమ్మ పిలుపు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అక్కకు రొమ్ములో గడ్డ ఉంటే ఒక నర్సింగ్‌హోంలో తీసేశారు. ఇప్పుడు ఒకరు కీమో అంటున్నారు, ఒకరు కరెంటు పెట్టాలంటున్నారు, ఇంకొకరు మళ్లీ ఆపరేషన్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఆ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని చెప్పే మాట వినండి. సర్జన్, కీమో డాక్టరు, కరెంటు పెట్టే రేడియేషన్ డాక్టరు, ముక్కను పరీక్షించే పెథాలజిస్టు కలిసి ఒక్కో రోగి గురించి మాట్లాడుకుని నిర్ణయించే ఏర్పాటును ట్యూమర్ బోర్డు అంటారు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఉంటుంది. క్యాన్సర్‌తో చెల్లెలిని పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలతో 1954లో మొదలైన చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిదే.

అలాంటి ఆసుపత్రికి వెళ్లే ముందు నర్సింగ్‌హోంలో రిపోర్టు కాగితంతో పాటు, తీసిన ముక్కను దాచిన మైనపు దిమ్మలు, గాజు పలకలు కూడా అడిగి తీసుకోండి. హార్మోన్ మందు పనిచేస్తుందా లేదా అన్నది ఆ దిమ్మ మీదే తేల్చవచ్చు. బస్సులో వాటిని ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, మైనం కరిగిపోతుంది.