గోలకొండ వజ్రాలు ఎవరు తీశారు?

లాలాపేట చుట్టూ బండలే బండలు. ఒక దిక్కున మౌలాలి గుట్ట. ఇంకో దిక్కున ఉస్మానియా యూనివర్సిటీ. యూనివర్సిటీ ఆవరణలో కూడా పెద్ద పెద్ద గుండ్లు ఉన్నాయి. ఒక గుండు మీద ఇంకో గుండు నిలబడి ఉంటుంది. ఎవరో పేర్చిపెట్టినట్టు కనిపిస్తుంది.

వాటిని ఎవరూ పేర్చలేదు. అవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు. అప్పటికి భూమి మీద మనుషులు లేరు. చెట్లు కూడా లేవు.

భూమి లోపల చాలా వేడి ఉంటుంది. ఆ వేడికి రాయి కూడా కరుగుతుంది. అలా కరిగిన రాయి ఇక్కడ భూమి లోపలే ఆగిపోయింది. మెల్లమెల్లగా చల్లారింది. పటికబెల్లం ఎట్ల తయారవుతుంది? పాకం మెల్లగా చల్లారితే పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. ఈ రాయి కూడా అంతే. ఒక బండను దగ్గరగా చూడండి. తెల్లవి, గులాబీ రంగువి, నల్లవి పలుకులు కనిపిస్తాయి. ఈ రాయిని గ్రానైటు అంటారు.

పైన ఉన్న మట్టి, రాయి కోట్ల ఏళ్లలో అరిగిపోయాయి. లోపలి గ్రానైటు బయటపడింది. ఎండకు, వానకు దీని పైపొరలు ఉల్లిపొరల్లా ఊడాయి. మూలలు అరిగాయి. అందుకే గుండ్లు గుండ్రంగా అయ్యాయి.

కరిగిన రాయి ఒక్కోచోట లోపల ఆగదు. భూమిని చీల్చుకుని పైకి వస్తుంది. పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగుతుంది. అట్లా పొంగే చోటును అగ్నిపర్వతం అంటారు. మన దగ్గర ఇప్పుడు అగ్నిపర్వతాలు లేవు. కాని సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద దక్కన్‌లో కరిగిన రాయి భూమి మీదికి పొంగింది. వికారాబాదు దిక్కు పోతే ఆ నల్లరాయి కనిపిస్తుంది. ఆ రాయి అరిగి నల్లరేగడి నేల అయింది.

రాయి సంగతి ఇంత ఎందుకు? గోలకొండ కోట రాతి మీద నిలిచింది. గోలకొండ పేరు కూడా ఒక రాయి వల్లనే లోకమంతా పాకింది. ఆ రాయి వజ్రం.

కోటకు పోదాం

గోలకొండ హైదరాబాదుకు పడమట ఉంది. లాలాపేట ఆడవాళ్లు ఒక్క రోజులో చూసి రావచ్చు. తార్నాకకు వెళ్లి బస్సు ఎక్కాలి. మెహిదీపట్నంలో దిగితే గోలకొండ బస్సులు ఉంటాయి. బస్సు ముందు బోర్డు ఉంటుంది. ఎవరినీ అడగనక్కర లేదు. బోర్డు చదివి ఎక్కండి. తెలంగాణ ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైంది. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి.

కోట దగ్గర టికెట్టు కొనాలి. ధర కిటికీ దగ్గర రాసి ఉంటుంది. చదివి, లెక్క చూసుకుని డబ్బు ఇవ్వాలి. 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. మంచినీళ్లు వెంట తీసుకుపోవాలి. పైకి ఎక్కడానికి మూడు వందలకు పైగా మెట్లు ఉన్నాయి. పొద్దున్నే పోతే ఎండ బాధ ఉండదు.

గోలకొండ అంటే గొల్లల కొండ అని చెబుతారు. మొదట కాకతీయుల కాలంలో ఇక్కడ మట్టికోట ఉండేది. తరవాత బహమనీ సుల్తానుల చేతికి వచ్చింది. 1518 నుంచి కుతుబ్ షాహీలు ఏలారు. వాళ్లు రాతికోట కట్టించారు. బయటి గోడకు 87 బురుజులు ఉన్నాయి. 8 దర్వాజలు ఉన్నాయి. ఏనుగులు తలతో కుమ్మకుండా దర్వాజల తలుపులకు ఇనుప మొనలు కొట్టారు.

లోపలి దర్వాజ కింద నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. ఆ చప్పుడు గుట్టపైన వినిపిస్తుంది. ఇందులో మాయ ఏమీ లేదు. పైన గుమ్మటం ఉంది. చప్పుడు గుమ్మటానికి తగిలి తిరిగి వస్తుంది. కట్టినవాళ్ల తెలివి అది. కింద ఎవరు వచ్చినా పైన ఉన్నవాళ్లకు తెలిసేది.

కోటలో నీళ్ల ఏర్పాటు కూడా చూడాలి. నీళ్లు మోసే కష్టం ఆడవాళ్లకు తెలుసు. ఇంత ఎత్తు గుట్టపైకి నీళ్లు ఎట్ల పోయాయి? కింద చెరువు నీళ్లు. వాటిని పెద్ద చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి ఎక్కించారు. అక్కడి నుంచి ఇంకా పైకి. గోడల్లో మట్టి గొట్టాలు పెట్టారు. ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి.

మెట్లు ఎక్కుతుంటే రామదాసు చెరసాల వస్తుంది. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. పాల్వంచ తహసీల్దారు. సర్కారు పన్ను డబ్బుతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా ఆయనను ఇక్కడ పెట్టాడు. ఇంకా పైకి పోతే అమ్మవారి గుడి ఉంది. ఆషాఢంలో జంటనగరాల బోనాలు ఈ గోలకొండలోనే మొదలవుతాయి.

1687లో ఢిల్లీ బాదుషా ఔరంగజేబు ఈ కోటను గెలిచాడు. అతని సైన్యం ఎనిమిది నెలలు బయటే కాచుకుని కూర్చుంది. గోడలు కూలలేదు. లోపలివాడు ఒకడు రాత్రిపూట తలుపు తీశాడు. అట్ల కోట పోయింది.

వజ్రాలు ఇక్కడ దొరకలేదు

గోలకొండ వజ్రాలు అనగానే ఈ గుట్టలోనే దొరికాయని అనుకుంటారు. అది నిజం కాదు. ఇక్కడ వజ్రాల గని లేదు. ఇక్కడ వ్యాపారం జరిగింది. గనులు కృష్ణానది ఒడ్డున ఉండేవి. వాటిలో పెద్దది కొల్లూరు గని. ఆ చోటు ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉంది.

వజ్రం భూమి లోపల చాలా లోతున పుడుతుంది. సుమారు 150 కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ లోతున. అగ్నిపర్వతం పొంగినప్పుడు కరిగిన రాయి దాన్ని పైకి మోసుకొచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర అలాంటి రాయి ఉంది. ఆ రాయి అరిగినప్పుడు వజ్రాలు బయటపడతాయి. వాననీళ్లు వాటిని వాగుల్లోకి, నదుల్లోకి తీసుకుపోతాయి. అందుకే నది ఒడ్డున గులకరాళ్లలో వజ్రాలు దొరుకుతాయి.

ఫ్రాన్సు దేశపు వ్యాపారి ఒకాయన కొల్లూరుకు వచ్చాడు. ఆయన పేరు టావెర్నియర్. వజ్రాలు కొనడానికి మన దేశానికి చాలాసార్లు వచ్చాడు. చూసినవి, విన్నవి రాశాడు. ఆ పుస్తకం 1676లో అచ్చయింది. గోలకొండ నుంచి కొల్లూరుకు ఏడు రోజుల ప్రయాణం అని రాశాడు.

ఈ గని ఎట్ల బయటపడింది? ఒక పేదవాడు విత్తనాలు వేయడానికి నేల తవ్వుతున్నాడు. మొనదేలిన రాయి ఒకటి దొరికింది. దాన్ని గోలకొండకు తీసుకుపోయి ఒక వ్యాపారికి చూపించాడు. అది సుమారు 25 క్యారెట్ల వజ్రం. టావెర్నియర్ విన్న కథ ఇది. వ్యాపారులు పరుగెత్తుకుంటూ కొల్లూరుకు వచ్చారు. కాని ఆ పేదవాడి పేరు పుస్తకంలో లేదు.

తట్టలు, చాటలు, రోకళ్లు

టావెర్నియర్ వెళ్లినప్పుడు కొల్లూరులో 60 వేల మంది దాకా పని చేస్తున్నారని రాశాడు. అందులో మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. పని ఎట్ల జరిగేదో కూడా రాశాడు.

మగవాళ్లు తవ్వేవాళ్లు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతు పోయేవాళ్లు. నీరు పడితే తవ్వడం ఆపేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు ఆ మట్టి మోసేవాళ్లు. పక్కన ఒక చోటు చదును చేసి, చుట్టూ పొట్టిగోడ కట్టేవాళ్లు. మట్టిని అందులో పోసేవాళ్లు. గుంతలోని నీళ్లు కుండలతో తోడి మట్టి మీద పోసేవాళ్లు. మట్టి నానేది. గోడకు కింద చిన్న తూములు ఉండేవి. వాటిని తీస్తే బురద పోయేది. ఇసుక, రాళ్లు మిగిలేవి.

వాటిని ఎండబెట్టేవాళ్లు. తరవాత చాటల్లాంటి బుట్టలతో చెరిగేవాళ్లు. సన్న మట్టి ఎగిరిపోయేది. మిగిలిన గడ్డలను కర్ర రోకళ్ల వంటి వాటితో దంచేవాళ్లు. మళ్లీ చెరిగేవాళ్లు. చివరికి నేల మీద పరిచి, చేతులతో వెతికేవాళ్లు.

ఈ పని చదువుతుంటే ఏం గుర్తుకు వస్తుంది? నానబెట్టడం, కడగడం, ఎండబెట్టడం, దంచడం, చెరగడం, ఏరడం. ఇవన్నీ ఇంటి పనులే. వడ్లు దంచి బియ్యం చేసినట్టే వజ్రాలు తీశారు. ఇంటి పనిలో తెలివి లేదని కొందరు అంటారు. ఆ తెలివితోనే లోకంలోని పెద్ద పెద్ద వజ్రాలు బయటికి వచ్చాయి.

కూలి ఎంత?

పని బాగా తెలిసిన మగకూలికి కూడా ఏడాదికి 3 వరహాలే అని టావెర్నియర్ రాశాడు. కూలి తక్కువ కాబట్టి కొందరు రాయిని దాచుకునేవాళ్లు. కొందరు మింగేవాళ్లు. అందుకని 50 మంది కూలీలకు 12 నుంచి 15 మంది కావలివాళ్లను పెట్టేవాళ్లు. కావలికి డబ్బు ఉంది. కూలికి లేదు.

పెద్ద వజ్రం దొరికితే కూలివాడు దాన్ని యజమానికి ఇవ్వాలి. అతనికి తలపాగా గుడ్డ ఒకటి, కొంచెం డబ్బు, తినడానికి బియ్యమో చక్కెరో ఇచ్చేవాళ్లు. వజ్రం మాత్రం యజమానిది. మట్టి మోసిన ఆడమనిషికి ఎంత ఇచ్చారు? పిల్లలకు ఎంత ఇచ్చారు? ఆ లెక్క ఆయన రాయలేదు.

ఆ వజ్రాలు ఎక్కడికి పోయాయి? వజ్రాన్ని క్యారెట్లలో తూస్తారు. 5 క్యారెట్లు ఒక గ్రాము. కోహినూరు 105 క్యారెట్లకు కాస్త ఎక్కువ. అంటే 21 గ్రాములు. మన లెక్కన రెండు తులాల పైన. అది కొల్లూరులోనే దొరికిందని చాలామంది చెబుతారు. 1849లో ఇంగ్లీషువాళ్లు దాన్ని పంజాబు రాజు దగ్గర తీసుకున్నారు. ఆ రాజు పదేళ్ల పిల్లవాడు. ఇప్పుడది లండన్‌లో ఉంది. టావెర్నియర్ కొన్న నీలిరంగు వజ్రం ఫ్రాన్సు రాజుకు చేరింది. దాన్ని కోసి చేసిన వజ్రం ఇప్పుడు అమెరికాలో ఉంది. రీజెంటు అనే ఇంకో వజ్రం పారిస్‌లో ఉంది. అది దొరికినప్పుడు 410 క్యారెట్లు. దాని మీద ఒక కథ చెప్పుకుంటారు. గనిలో పనిచేసే బానిస ఒకడు కాలికి గాయం చేసుకుని, కట్టులో ఆ రాయి దాచుకుని పారిపోయాడట. ఓడవాడు రాయి తీసుకుని, అతణ్ణి సముద్రంలోకి తోశాడట. ఈ కథ ఎంత నిజమైనా, వజ్రానికి పేరుంది. ఆ మనిషికి పేరు లేదు.

కొల్లూరు ఇప్పుడు లేదు. కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు కట్టారు. ఆ ఊరు నీటిలో మునిగింది.

ఇప్పటి సంగతి

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి దిక్కు ఇప్పటికీ తొలకరి వానలు పడగానే జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు. కూలి పనులు మానుకుని వస్తారు. ఆడవాళ్లు కూడా వస్తారు. వంగి, ఒక్కో రాయి ఏరి చూస్తారు. ఎక్కువమందికి ఏమీ దొరకదు. ఎవరికో ఒకరికి దొరుకుతుంది. తూకం తెలియకపోతే, ధర తెలియకపోతే కొనేవాడు చెప్పిందే ధర.

మన ఊళ్లో వజ్రాలు లేవు. కాని మట్టి తట్టలు ఉన్నాయి. ఇళ్ల పనుల దగ్గర ఇటుక, ఇసుక, కంకర మోసేది ఆడవాళ్లే. ఒకే పనికి ఆడమనిషికి తక్కువ కూలి, మగమనిషికి ఎక్కువ కూలి ఇవ్వకూడదని 1976లోనే మన దేశంలో చట్టం వచ్చింది. ఇప్పుడు పని చేసిన రోజులు రాసుకోవచ్చు. వచ్చిన కూలి రాసుకోవచ్చు. వేలిముద్ర వేసే ముందు, సంతకం పెట్టే ముందు కాగితం చదవవచ్చు. కొల్లూరు ఆడవాళ్లకు ఈ వీలు లేదు.

ఇంకొక్క సంగతి. లాలాపేటకు దగ్గరలోనే, మౌలాలి గుట్ట కింద, ఒక ఆడమనిషి సమాధి ఉంది. ఆమె పేరు మహలఖా బాయి. ఉర్దూలో కవిత్వం రాసింది. 1824లో చనిపోయింది. రెండు వందల ఏళ్లు గడిచినా ఆమె మాటలు చదువుతున్నారు. ఎందుకు? ఆమె రాసింది కాబట్టి.

గోలకొండకు పోయినప్పుడు రాజుల పేర్లు బోర్డుల మీద చదవండి. పక్కన ఉన్న పిల్లలకు చదివి వినిపించండి. తట్ట మోసినవాళ్ల సంగతి అక్కడి బోర్డు చెప్పకపోతే, అది మీరు చెప్పండి.

కొత్త మాటలు

గ్రానైటు: భూమి లోపల మెల్లగా చల్లారి గట్టిపడిన రాయి.
అగ్నిపర్వతం: కరిగిన రాయి భూమి లోపలి నుంచి పైకి పొంగే చోటు.
బురుజు: కోటగోడకు ఉండే గుండ్రటి కట్టడం. ఫిరంగులు పెట్టేవాళ్లు.
వరహా: పాతకాలపు బంగారు నాణెం.
క్యారెట్: వజ్రాన్ని తూచే కొలత.

జవాబు రాయండి

1. గుండ్లు గుండ్రంగా ఎందుకు అయ్యాయి?
2. గోలకొండ వజ్రాలు ఏ నది ఒడ్డున దొరికాయి?
3. ఒక వజ్రం 50 క్యారెట్లు ఉంది. అది ఎన్ని గ్రాములు?

అందరూ కలిసి మాట్లాడండి

1. వజ్రాలు తీసే పనిలో ఏ ఏ పనులు మీ ఇంట్లో చేసేవే?
2. మీరు చేసే పనికి ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకే కూలి ఉందా? పోయిన వారం ఎన్ని రోజులు పని చేశారు? ఎంత వచ్చింది? మీ పేరు పైన రాసి, ఆ లెక్క కింద రాయండి.