పరీక్షకు పోవు నెత్తురు – దారిలో తరుగు చక్కెర

గొల్లపల్లి మండలమందలి ఒక గ్రామమున ఉదయము ఎనిమిది గంటలకు ఒక రైతు చేతినుండి నెత్తురు తీసిరనుకొందము. ఆ క్షణమున అందు చక్కెర డెసిలీటరునకు 132 మిల్లీగ్రాములు. పరగడుపున 126గాని, అంతకు మించిగాని ఉన్నచో వైద్యులు మధుమేహమును శంకించి మరల పరీక్ష చేయింతురు. కాని ఆ నెత్తురు మామూలు గొట్టములో రెండు గంటలు నిలిచి పరీక్షాశాలకు చేరినచో, అచ్చట తేలునది సుమారు 116 మాత్రమే! చీటీ చూచుకొని రైతు సంతోషముగా ఇల్లు చేరును. వ్యాధియు వెంటనే పోవును.

ఇది యంత్రము తప్పు కాదు. శరీరమును వీడిన పిదపకూడ రక్తకణములు బ్రతికియే యుండి, చుట్టునున్న చక్కెరను ఆహారముగా గైకొనుచుండును. సాధారణమైన వేడిమిలో గంటకు నూటికి 5 మొదలు 7 పాళ్లవరకు తరుగును. మన వేసవిలో ఈ తరుగు ఇంకను హెచ్చు.

2018లో హైదరాబాదున ఆరంభమైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకమును ప్రభుత్వము 2021 జూన్ 9న 19 జిల్లా కేంద్రములకు విస్తరింపజేసినది. జగిత్యాల, సిరిసిల్ల వానిలోనివే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో తీసిన నెత్తురును వాహనములలో జిల్లా పరీక్షాశాలకు పంపుట ఈ పథకపు పద్ధతి. బీదవానికి ఖర్చు తప్పినది. నెత్తురునకు ప్రయాణము తప్పలేదు.

అందుకే చక్కెర పరీక్షకు బూడిదరంగు మూతగల గొట్టము వాడుదురు. అందలి సోడియం ఫ్లోరైడు కణముల పనిని ఆపును. అయితే వెంటనే ఆపదు. మొదటి గంట, రెండు గంటలవరకు కొంత తరుగు జరుగుచునే యుండును. గొట్టమును గుర్తువరకు నింపి, కుదుపక, ఎనిమిది పది మారులు మెల్లగా తలక్రిందులు చేయవలెను; లేనిచో మందు కలియదు. తీసిన అరగంటలోగా యంత్రమున త్రిప్పి కణములను వేరుచేయుట అన్నిటికంటె మేలు. అది వీలుకానిచోట చల్లని పెట్టెయే శరణ్యము. గొట్టమునకు మంచుగడ్డ నేరుగా తగులరాదు, కణములు చిట్లును.

పంచాయతీ సభ్యులు సూది పట్టనక్కరలేదు. గ్రామమున శిబిరము పెట్టునపుడు వాహనము వచ్చు వేళ ముందుగా తెలిసికొని, అందుకు దగ్గరగా నెత్తురు తీయునట్లు ఆరోగ్య సిబ్బందితో మాటలాడవచ్చును. నీడ, మంచు సమకూర్చవచ్చును. కనీసము ఎనిమిది గంటలు ఏమియు తినక, చాయకూడ త్రాగక రావలెనని ముందురోజే దండోరా వేయింపవచ్చును. చాయ త్రాగి వచ్చి పరగడుపనువారు ప్రతి ఊరను కలరు!

వ్రేలినుండి చుక్క తీసి చూచు గ్లూకోమీటరుతో ఇందుకు విరుద్ధమైన చిక్కు కలదు. జగిత్యాల ప్రాంతమున మామిడి కాలములో పండు తిని చేయి కడుగకయే వ్రేలు చాపినచో, అంటియున్న రసమే లెక్కకు వచ్చి అంకె పెరుగును. సబ్బుతో కడిగి, తడి ఆరిన పిమ్మటనే గ్రుచ్చవలెను.

గత మూడు మాసముల చక్కెర తీరును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఈ రెండు గంటల తరుగుతో నిమిత్తము లేదు. కాని రక్తహీనత గలవారియందు అది సరిగా తేలకపోవచ్చును గనుక, బూడిదరంగు గొట్టముతో మనకు పని తీరలేదు.