బస్తాకు కట్టిన చీటి

మేనకోడలికి,

కల్లూరు నుంచి నువ్వు పంపిన పంట వివరాల ఫారాన్ని ఈ మామయ్య రాత్రే తెరిచి చూశాడు. రైతు పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, ఫోన్ నంబరు అన్నీ వరసలో ముచ్చటగా ఉన్నాయి. కళ్లు మూసుకుని ఎన్‌వీడీఏతో వింటే మాత్రం, ఫోన్ నంబరు తప్ప మిగతా నాలుగు గడులకూ ఒకటే మాట వినిపించింది: ఎడిట్, బ్లాంక్.

ఎన్‌వీడీఏ అంటే తెర మీది రాతను చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. చూపు లేని మైఖేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో దాన్ని మొదలుపెట్టాడు. ఏ మాట ఏ గడికి చెందుతుందో అది కంటితో పోల్చుకోదు. బ్రౌజర్‌ను అడిగి తెలుసుకుంటుంది. కోడ్‌లో ఆ రెంటికీ ముడి లేకపోతే బ్రౌజర్ మాత్రం ఏం చెబుతుంది?

ఖమ్మం మిర్చి యార్డు నీకు తెలిసిందే. బస్తాల పక్కన నేల మీద చీటి పెట్టి ఛాయ్‌కి వెళ్తే, హమాలీలు బస్తాలు జరిపాక ఆ చీటి ఎవరి సరుకుదో చెప్పలేం. బస్తాకే కట్టిన చీటి బస్తాతోపాటే పోతుంది. 1997లో హెచ్‌టీఎంఎల్ 4తో వచ్చిన లేబుల్ ట్యాగ్ ఇట్లా కట్టే చీటి.

గడిని చూపే ఇన్‌పుట్ ట్యాగ్‌కు ఒక ఐడీ ఇచ్చి, లేబుల్‌లో ‘ఫర్’ అనే చోట అదే విలువ రాయాలి. క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా వచ్చినా ముడి పడదు. నువ్వు ఫర్‌లో ఇన్‌పుట్ నేమ్‌ను రాశావు. నేమ్ సర్వర్‌కు వెళ్లే పేరు. లేబుల్‌కు దానితో పనిలేదు. ఇన్‌పుట్‌ను లేబుల్ లోపలే పెడితే ఫర్, ఐడీ లేకుండానే పని జరుగుతుంది.

అసలు చిక్కు నీ ‘ఇంకో సర్వే నంబరు చేర్చు’ బటన్‌లో ఉంది బిడ్డా. మన వైపు ఒకే రైతుకు నాలుగు చోట్ల నాలుగు చెక్కలుంటాయి కాబట్టి ఆ ఆలోచన బాగుంది. కానీ బటన్ నొక్కగానే పాత వరసే, ఐడీతో సహా, మరోసారి దిగుతోంది. ఫర్‌ను సరిచేశాక చూడు: రెండో వరసలోని లేబుల్‌ను తాకితే కర్సర్ మొదటి వరస గడికి దూకుతుంది. పేజీలో ఒక ఐడీ ఒక్కసారే ఉండాలి. రెండుంటే బ్రౌజర్ మొదటిదాన్నే పట్టుకుంటుంది. కాబట్టి వరస చేర్చిన ప్రతిసారీ ఐడీ, ఫర్ రెండింటి చివరా ఒక అంకె కలుపు.

ఫోన్ నంబరుకు లేబుల్ మానేసి గడిలోనే లేత రంగులో ప్లేస్‌హోల్డర్ పెట్టావు. ఒక్క అంకె కొట్టగానే అది మాయం. మిట్టమధ్యాహ్నం చేను గట్టున ఫోన్ పట్టుకున్నవాళ్లకు ముందే కనిపించదు! ప్లేస్‌హోల్డర్ ఉదాహరణ చూపడానికే.

వరి, పత్తి, మిర్చి రేడియో బటన్లకు విడివిడి లేబుళ్లు కట్టినా ‘ఏ పంట?’ అనే ప్రశ్న విడిగా మిగిలిపోతుంది. ఆ మూడింటినీ ఫీల్డ్‌సెట్‌లో చేర్చి, ప్రశ్నను లెజెండ్‌లో రాయాలి. ఇక లేబుల్ కట్టి ఉంటే ‘మిర్చి’ అన్న మాటను తాకినా బటన్ ఎంపికవుతుంది; లావు వేళ్లకు అంత చిన్న గుండ్రాన్ని వెతికే పని తప్పుతుంది.

ఇది మామయ్య చాదస్తం అనుకునేవు. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గొడవ గుర్తింపు సరిచూసే కేవైసీ గురించి వచ్చింది.

సరిచేశాక మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీతో ఫారమంతా ఒకసారి నింపు. ఈసారి మూడు సర్వే నంబర్లు చేర్చి పంపు.

— మామయ్య