దుమ్ము రాకపోకలు

ఉదయము తుడిచిన బల్లమీద సాయంకాలమునకు వ్రేలితో పేరు వ్రాయవచ్చును. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందు నివసించువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పూనా నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్టణమునకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతముగుండ సాగుచున్నది. దానిపై లారీలు రాత్రింబవళ్లు తిరుగుచుండును. ఇరుప్రక్కల కర్మాగారములు, కంకర క్రషర్లు, క్రొత్తగా లేచుచున్న మేడలు. ఇంటివారు దినమునకు రెండు మారులు ఊడ్చినను దుమ్ము తరుగదు. మన ఊరి గాలియే అంత యని సరిపెట్టుకొనుట వాడుకయైనది. గాలిలో దోషమున్న మాట నిజమే. కాని ఇంటిలోని దుమ్మంతయు గాలితోనే రాలేదు. వచ్చినదానిలో కొంత మన కాళ్లతో వచ్చినది; కొంత మన బట్టలతో వచ్చినది. పైగా, వచ్చినదానిని మనమే లేపి మరల పరచుచున్నాము.

దుమ్మనగా ఒక్క మన్నే కాదు. ఈ ప్రాంతమున నల్లరేగడియు, ఎఱ్ఱనేలయు కలవు. 1972లో పటాన్‌చెరు వద్ద స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ క్షేత్రములోనే ఈ రెండు విధముల నేలలను చూడవచ్చును. వేసవిలో రెండును ఎండి, పొడియై లేచును. దీనికి బట్టల నూలుపోగులు, వెండ్రుకలు, మన చర్మము నుండి రాలు పొలుసులు, పొయ్యి మసి, అగరువత్తుల బూడిద, రోడ్డుపై అరిగిన టైర్ల నల్లని పొడి వచ్చి చేరును. గోడ మూలలో చీపురునకు తగులు బూడిదరంగు ఉండలో ఇవి అన్నియు నుండును.

కిటికీ సందునుండి ఎండ పడినప్పుడు ఆ వెలుగుబాటలో రేణువులు ఆడుచుండుట మీరు చూచియుందురు. మన పూర్వులు అట్టి రేణువునకు త్రసరేణువని పేరిడి, తూనికల లెక్కలో దానినే మొదటి మెట్టుగ గ్రహించిరి. 1870లో జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడు లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఈ రేణువులను గూర్చియే ఉపన్యసించెను. ఆయన చీకటి గదిలోనికి బలమైన వెలుగును పంపి, ఆ వెలుగుబాట క్రింద దీపమునుంచెను. జ్వాలకు పైగా వెలుగు నడుమ నల్లని పొరలు తేలుచు కనబడెను. అది పొగ కాదు. అచ్చటి దుమ్ము కాలిపోగా, వెలుగును చెదరగొట్టునది లేక ఏర్పడిన చీకటి. మన్ను దీపమునకు కాలదు గదా! కావున ఆ గాలిలో తేలు దుమ్ములో చాల భాగము జీవుల నుండియు, చెట్టుచేమల నుండియు వచ్చినదేనని ఆయన గ్రహించెను.

ఇక దుమ్ము నేలకు దిగు తీరును విచారింతము. మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు మైక్రాను అని పేరు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. నీటితో సమానమైన సాంద్రత గల రేణువులను కదలని గాలిలో మీటరున్నర ఎత్తునుండి విడిచితిమనుకొనుడు. 100 మైక్రానుల రేణువు ఆరేడు సెకనులలో నేలకు చేరును. 10 మైక్రానులదానికి ఎనిమిది నిమిషములు పట్టును. ఒక్క మైక్రాను రేణువునకో, సుమారు పండ్రెండు గంటలు! ఫంకా తిరుగుచున్న గదిలో అది ఎప్పటికి దిగునో చెప్పుట కష్టము. ఊపిరితిత్తుల లోతునకు చేరునది ఈ సన్నని రేణువే.

ఇది తెలిసిన పిమ్మట మన ఊడ్చు పద్ధతిలోని లోపము దానంతట అదియే తోచును. పొడి చీపురుతో విసురుగా ఊడ్చినచో ముతక మన్ను చేటలోనికి వచ్చును. సన్నని పొడి గాలిలోనికి లేచును. ఊడ్చుట ముగిసిన వెంటనే అలమారలు తుడిచి, నిశ్చింతగా కూర్చుందుము. అప్పటికి పొడి యింకను దిగుచునే యుండును. మరునాడు అలమార మీద కనబడు దుమ్ములో నిన్నటి ఊడ్పుది కొంత తప్పక యుండును. ఈకల కుంచెతో దులుపుట ఇంతకంటె దండుగ పని. 1901లో ఇంగ్లండులో హ్యూబర్టు సెసిల్ బూత్ అను ఇంజనీరు, దుమ్మును గాలితో ఊదివేయు యంత్రమును చూచెను. ఊదిన దుమ్ము మరల అచ్చటనే వ్రాలుచుండెను. ఊదుటకు మారుగా పీల్చినచో నేమని ఆయనకు తోచెను. కుర్చీ పరుపుపై చేతిరుమాలు పరచి, దానిమీద నోరుంచి పీల్చి చూడగా రుమాలు అడుగుభాగమున దుమ్ము అంటుకొనెను. దుమ్మును పీల్చు యంత్రము ఆ విధముగ పుట్టినది.

యంత్రము లేని ఇంటిలో ఆ పనిని తడిగుడ్డ చేయును. తడికి అంటిన రేణువు మరల లేవదు. ముందుగ ఫంకా రెక్కలు, అటకలు, అలమారలు, కిటికీ చువ్వలు తడిగుడ్డతో తుడిచి, నేలను కడపట తుడువవలెను. ఊడ్వక తప్పనిచో ఫంకా ఆపి, నీళ్లు చిలకరించి, చీపురును నేలకు ఆనించి మెల్లగ లాగవలెను. తుడిచిన గుడ్డను బకెట్టు నీటిలో మాటిమాటికి జాడింపవలెను; లేనిచో ఒక గది మురికి మరియొక గదికి పోవును. పరుపులు, దుప్పట్లు దులుపుటకు చోటు వాకిలియే గాని నడిమి గది కాదు. ఈ పనులన్నియు ఆడపిల్లల పాలనుట కూడ తగదు. బకెట్టు మోయుటకు మగపిల్లలకు చేతులున్నవి.

తడిగుడ్డ కంటె మేలైనది గడప. పల్లెలలో తెల్లవారుజామున వాకిలి ఊడ్చి సానుపు చల్లుదురు. వాకిటి మన్ను అణగి, గాలికి లేవకుండును. ముంగిట గోలెములో నీళ్లుండును. పొలమునుండి వచ్చినవారు కాళ్లు కడిగికొని గాని లోనికి రారు. దీనిని ఆచారమని కొందరు, చాదస్తమని కొందరు అందురు. మట్టి యిండ్లు పోయి తాండూరు బండలు, టైల్సు వచ్చినవి, గోలెము పోయినది, దానితోబాటు కాళ్లు కడుగుకొను అలవాటును పోయినది. చెప్పుల అడుగున అంటి వచ్చు మన్ను ఇంటి దుమ్మునకు ముఖ్యమైన మూలములలో నొకటి. చెప్పులు వెలుపల విడిచి, గడపకు ముందొక ముతక గోనెపట్టాయు, లోపల మరియొకటియు పరచి, వానిని వారమున కొకమారు వెలుపల దులిపినచో, చీపురునకు పని చాల తగ్గును. లారీలు ఎక్కువగ తిరుగు వేళ రోడ్డువైపు కిటికీలు మూసి, వెనుకవైపు కిటికీలు తెరచుట మంచిది. అయితే వంట వేళ కిటికీలన్నియు మూయుట కూడని పని. పొయ్యి పొగ రోడ్డు దుమ్ముకంటె మేలైనది కాదు.

పటాన్‌చెరు ప్రాంతమున ఈ జాగ్రత్తకు వేరొక కారణము కలదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమందలి 88 పారిశ్రామిక ప్రాంతములను పరిశీలించి, 43 ప్రాంతములను అతి తీవ్రమైన కాలుష్యము గలవిగ గుర్తించెను. పటాన్‌చెరు–బొల్లారము వానిలో నొకటి. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు పట్టికలోను పటాన్‌చెరు పేరు చేరినది. 10 మైక్రానులకు లోబడిన రేణువులు ఘనమీటరు గాలిలో, సంవత్సరపు సగటున, 60 మైక్రోగ్రాములు మించరాదని 2009 నాటి జాతీయ ప్రమాణము. దీనిని సాధించుట ప్రభుత్వముల పని, పరిశ్రమల పని. ఒక యింటి చీపురు దీనిని సాధింపజాలదు.

నేలమీద ప్రాకు పసిబిడ్డను తలచుకొనుడు. వాని ముక్కు నేలకు జానెడు ఎత్తున నుండును; నేలను తాకిన చేయి నోటిలోనికి పోవును. పెద్దవారికంటె వానికి ఎక్కువ దుమ్ము లోనికి పోవును. ఆ దుమ్ములో సీసము వంటి లోహముండినచో పసివాని మెదడు ఎదుగుదలకు హాని. మన దేశమున ఇండ్లకు వేయు రంగులలో సీసము 90 పి.పి.యం. మించరాదను నిబంధన 2017లో గాని అమలులోనికి రాలేదు. కనుక పాత తలుపుల రంగును పొడిగా గీకరాదు. తడిపి గీకి, రాలిన పెళ్లలను తడిగుడ్డతో ఎత్తవలెను. ఆ పని జరుగు గదిలో పిల్లలనుంచరాదు.

కర్మాగారములో పనిచేయు తండ్రి బట్టలతోను దుమ్ము ఇల్లు చేరును. వృత్తుల వలన కలుగు వ్యాధులను గూర్చి ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే గ్రంథము వ్రాసి, రాతిపనివారు పీల్చు దుమ్మును అందు ప్రస్తావించెను. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములో 14వ సెక్షను దుమ్మును గూర్చియు, 42వ సెక్షను కార్మికులు కడుగుకొను వసతిని గూర్చియు, 43వ సెక్షను బట్టలుంచుకొను చోటును గూర్చియు విధించెను. ఒంటి మురికి కడిగికొని, పని బట్టలు మార్చుకొని ఇంటికి పోవుటకే ఆ చోటు. అది లేనిచోట, ఇల్లు చేరిన వెంటనే వాకిటి ప్రక్కన బట్టలు మార్చి, కాళ్లు చేతులు కడిగికొనిన పిమ్మటనే బిడ్డనెత్తుకొనవలెను. విప్పిన బట్టలను దులుపక నీటిలో నానవేసి, తక్కినవారి బట్టలతో కలుపక ఉతుకవలెను. ఆ నీటిని పిల్లలు ఆడుకొను వాకిటిలో పారబోయరాదు.