వెలుగును, నేత్రపటలమును

విద్యార్థులారా! వెలుగు లేనిదే చూపు లేదు. మితిమీరిన వెలుగు చూపునే హరించును. కంటి లోపల వెనుకవైపున పరచుకొన్న పలుచని పొరయే నేత్రపటలము. తీవ్రమైన వెలుగు సోకినపుడు అందలి ఆమ్లజని విషమించి కణములను చెఱచును. అచ్చట నొప్పి తెలియదు. కావున హాని వెంటనే కానరాదు.

దీనికి యాంటీ ఆక్సిడెంటు చుక్కలమందు చాలదా? చాలదు. చుక్కలలో అధికభాగము కన్నీటితో జారిపోవును. నేత్రపటలమును చేరునది అత్యల్పము. ఈ పొరను కాచు ల్యూటీన్ అను పసుపు పదార్థమును దేహము తయారుచేసికొనలేదు. ఆకుకూరల వంటి ఆహారము వలన పొందవలెను. అదియు సూర్యుని తేరిచూచుటకు కవచము కాదు.

2019 డిసెంబరు 26న కోయంబత్తూరులో కంకణ సూర్యగ్రహణము కనబడినది. అట్టివేళ మసిగాజు, ఎక్స్‌రే ఫిల్ము పనికిరావు. గ్రహణమునకై చేసిన అద్దములతోనే చూడవలెను. పిదప చూపు మసకబారినచో, మధురలో 1976లో నెలకొనిన అరవింద కంటి ఆసుపత్రి వంటి చోట వెంటనే చూపించుకొనుడు.